నోరు మూసుకుని వేసుకునే మందు

మామిడికుదురు,
12 జూన్ 2003

మా ఇంటి మహాలక్ష్మి, మరదలు కుసుమకి,

నీ ఆడపడుచు సూర్యకుమారి దీవెనలు. మేం బాగానే ఉన్నాం. మీరూ బాగానే ఉండి ఉంటారు, లేకపోతే ఇన్నాళ్ళు ఉత్తరం ముక్క రాయకుండా ఎందుకుంటారు.

ఫోను చెయ్యొచ్చు కదా వదినా అని నువ్వు అనొచ్చు. ఎస్టీడీ బూత్‌లో ఈ సంగతులు మాట్లాడితే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మధ్యలో సలహాలిస్తారు. ఉత్తరమైతే పోస్టుమేన్ ఒక్కడే చదువుతాడు.

మా తమ్ముణ్ణి నువ్వు మద్రాసు తీసుకెళ్ళి ఏడాది కావస్తోంది. శివ కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు మీంచి పడ్డాడు, నిజమే. నడుం నొప్పికని మన ఆర్‌ఎంపీ సూర్యనారాయణ గారు ఇంజక్షన్లు చేసేరు, అదీ నిజమే. నొప్పి తగ్గింది గానీ ఇంజక్షన్ తగ్గలేదు. చివరికి వీడే కొనుక్కుని వీడే పొడుచుకునేదాకా వచ్చేడు. అంతా ఒప్పుకున్నాను. మద్రాసులో ఏదో సెంటరుంది, అక్కడ మాన్పించే మందిస్తారని మా ఆయన, అదే మీ అన్నయ్యగారు అంటే, సరే అని పంపించేను. ఎవరైనా మందంటే ఒక మండలం వాడతారు, పథ్యం చేస్తారు, పథ్యం విడిచి ఇంటికొస్తారు. ఇదేం మందమ్మా, ఎన్ని మండలాలైనా పథ్యం విడుపు లేదు? రోజూ రేషన్ షాపులోలా క్యూలో నుంచుని వేసుకోవాలట.

ఇక్కడ ఏసుపాదం సంగతి తెలుసుగా. మనవాడితో కలిసి దింపుకెళ్ళేవాడు, మనవాడితో కలిసే ఆ సూదీ అలవాటు చేసుకున్నాడు. వాడికి మద్రాసు లేదు, సెంటరు లేదు. వాళ్ళ అన్నదమ్ములు కొబ్బరి పాకలో పడేసి తాళం వేసేరు. కొన్నాళ్ళు అరిచేడట, తరవాత అరుపుల్లేవు. బాగుపడ్డాడని అందరూ అంటున్నారు. పైసా ఖర్చు లేని వైద్యం.

మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి శివ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకున్నాను. అప్పటికైనా ఆ మందు పూర్తవుతుందా, లేక ఆ ఊరు వదిలి రావడం ఇష్టంలేక నువ్వే పూర్తి కానివ్వడం లేదా, ఆ సంగతి రాయి.

నీ మీద ఏ కోపమూ లేని
వదిన

*

వ్యాసర్‌పాడి, మద్రాసు,
3 జూలై 2003

వదినగారికి,

కుసుమ నమస్కారాలు. మీకు నా మీద కోపం లేదని చివర్లో రాయబట్టి తెలిసిందండి, లేకపోతే తెలిసేది కాదు.

నాకు ఈ ఊరు వదిలి రావడం ఇష్టం లేదన్నారు, నిజమేనండి. ఒకటే గది, పైన రేకులు, తెల్లవారకుండా కుళాయి దగ్గర కొట్లాట, ఆ తరవాత ఇడ్లీ కొట్టులో పిండి రుబ్బడం. ఇంత వైభోగం వదులుకుని కొబ్బరి తోటల్లోకి ఎవరొస్తారు చెప్పండి.

మందు సంగతి అడిగేరు. పేరు బ్యూప్రెనార్ఫిన్. మీకు నోరు తిరగదు, నాకూ తిరగలేదు. మీ తమ్ముడికి తిరగక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. సెంటరులో నర్సు మాత్రని పొడి చేసి నోట్లో వేస్తుంది. అది కరిగేదాకా పెదవి కదపకూడదు. ఆయన సంగతి మీకు తెలుసుగా, ఎవరేం అడిగినా ఆయ్ అంటారు. చెట్టెక్కమంటే ఆయ్, ఇంజక్షన్ చేయనా అంటే ఆయ్. ఈ కుసుమని చేసుకుంటావా అని మీరడిగినప్పుడూ ఆయ్ అనే అని ఉంటారు. ఆ కాసేపు ఆయ్ అనకుండా కూర్చోవడం ఆయనకి పెద్ద తపస్సు.

ఇది మండలం వాడి మానేసే మందు కాదండి. అన్నయ్యగారు రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నారు కదా, ఆయన ఎప్పుడు పథ్యం విడుస్తున్నారు? ఇదీ అంతే. వేసుకున్నన్నాళ్ళు సూది జోలికి పోకుండా మనిషి మనిషిలా ఉంటాడు. ఎప్పుడో నెమ్మదిగా తగ్గించొచ్చు, తగ్గించకపోయినా కొంపలేం మునగవు అంటారు.

అలాగని సెంటరు వాళ్ళు దేవుళ్ళేం కాదు. తలుపులు పదింటికి తీసి పన్నెండింటికి వేసేస్తారు. ఆ వేళకి రావాలంటే పని మానుకోవాలి. పని మానుకుని వస్తే, పనీపాటా లేనివాళ్ళంతా చేరేరని వాచ్‌మన్ విసుక్కుంటాడు. బక్కవాడికీ బండవాడికీ అదే చిన్న మాత్ర. సాయంత్రమయ్యేసరికి ఈయనకి ఒళ్ళు నొప్పులు, చలి. కొంచెం పెంచండమ్మా అంటే, అలవాటు పడిపోతారు అన్నారు. సూదికి అలవాటు పడినవాడు ఇంకా దేనికి అలవాటు పడతాడని వాళ్ళ భయమో నాకు తెలియదు. వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. ఇంటికివ్వరు. మేం రాలేకపోవడానికి కారణం ఇదండి, నా వైభోగం కాదు.

తీర్థానికి పంపడానికి ప్రయత్నిస్తాను. అన్నయ్యగారి బీపీని అడిగానని చెప్పండి.

కుసుమ

*

మామిడికుదురు,
18 సెప్టెంబరు 2003

మరదలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించేను, బీపీ పెరిగింది. అడిగానన్నావు కాబట్టి చెప్తున్నాను.

నా మొగుడి బీపీకీ మా తమ్ముడి మత్తుకీ పోలిక పెట్టేవు చూడు, నీ తెలివికి మెచ్చుకోవాలి. ఆ మాత్ర కూడా ఆ జాతి మందేనని సూర్యనారాయణ గారు పుస్తకం తిరగేసి చెప్పేరు. ఒక దయ్యాన్ని వదిలించడానికి ఇంకో దయ్యాన్ని పట్టించి, రోజూ దానికి హారతి ఇస్తున్నావన్నమాట. ఆయన మాట పట్టుకుని రాస్తున్నానని అనుకోకు. ఆయనైతే మందు నవ్వుతూ ఇస్తారు, ఇంటికొచ్చి మరీ ఇస్తారు, ఎవర్నీ క్యూలో నుంచోబెట్టరు.

అసలు సంగతి ఇది కాదు. మా మాణిక్యాలరావు పెదనాన్న కంటి ఆపరేషన్‌కి మద్రాసు వచ్చేరు కదా. మీ గది వెతుక్కుంటూ వస్తే నువ్వు లేవట. శివ సెంటరులో ఉన్నాడని పక్కవాళ్ళు చెప్తే అక్కడికే వెళ్ళేరట. మనవాడు వరండాలో బల్ల మీద కూర్చున్నాడట. "ఏరా శివా, బాగున్నావా" అన్నారట. పలకలేదు. "మీ అక్క అడగమందిరా" అన్నారట. మూతి బిగించి తలాడించేడట. పెద్దాయన, కంటికి గుడ్డ కట్టుకుని, ఎండలో పడి అంత దూరం వెళ్తే, కన్నబిడ్డలాంటివాడు ఆయ్ అనలేదు. ఆయన ఇంటికొచ్చి ఒక్కరికి కూడా చెప్పలేదు. ఊరంతటికీ కలిపి చెప్పేరు.

ముక్తేశ్వరం నుంచి చేసుకొచ్చిన పిల్ల మొగుడి నోరు కుట్టేసిందని ఇక్కడ అనుకుంటున్నారు. నేను మాత్రం నిన్ను వెనకేసుకొచ్చేను. దానికి అంత కుట్టుపని రాదండీ అని చెప్పేను.

ఏసుపాదాన్ని పాకలోంచి వదిలేరు. బాగా చిక్కేడు గానీ శుభ్రంగా ఉన్నాడు. మొన్న మళ్ళీ సూర్యనారాయణ గారింటి అరుగు మీద కనిపించేడు. జ్వరానికి మందు కోసం అయి ఉంటుంది.

తీర్థానికి వాణ్ణి పంపు. నోరు విప్పి పంపు.

వదిన

*

వ్యాసర్‌పాడి,
20 డిసెంబరు 2003

వదినగారికి,

కుట్టుపని నేర్చుకుంటున్నానండి, వచ్చేక మీకూ ఒకటి కుట్టి పంపుతాను.

ఆ రోజు మావయ్యగారు వచ్చిన వేళకి మీ తమ్ముడి నోట్లో మందుంది. నోరు తెరిస్తే పోతుంది, పోతే ఆ నర్సు మళ్ళీ ఇవ్వదు. మందు కరిగేక రోడ్డు మీదికి పరిగెత్తేరట, అప్పటికే మావయ్యగారు బస్సెక్కేసేరు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "పెదనాన్నకి ఆయ్ అనలేదు కుసుమా" అని ఒకటే గొణుగుడు. సూది మానేసినప్పుడు కూడా ఇంత బాధపడలేదు. ఈ సంగతి కూడా ఊరంతటికీ కలిపి చెప్పమనండి.

ఇక మంచి కబురు. సెంటరుకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. శ్రీలక్ష్మి గారని, మన తెలుగావిడే. మేం ఆడవాళ్ళం కొందరం వెళ్ళి ఆవిణ్ణి పట్టుకున్నాం. నాకు తెలిసింది ఇడ్లీ కొట్టే కాబట్టి అదే చెప్పేను. అమ్మా, పొద్దున్నే ఆకలితో వచ్చినవాడికి మధ్యాహ్నం ఇడ్లీ పెడతాం, ఎంత మనిషికైనా ఒక్కటే పెడతాం, ఇంకోటి అడిగితే అలవాటు పడిపోతావని తిడతాం, నిన్న రాలేదని ఇవాళ గెంటేస్తాం అంటే మా కొట్టు నడుస్తుందా అన్నాను. ఆవిడ నవ్వలేదు. కుర్చీ వేసి కూర్చోమంది.

ఇప్పుడు తెల్లవారి ఆరింటికే తలుపులు తీస్తున్నారు. ఎవరికి ఎంత కావాలో చూసి మోతాదు పెంచేరు. ఈయనకి చలి పోయింది. మందు వేసుకుని నేరుగా పూల మార్కెట్‌కి వెళ్ళి తూకం దగ్గర పని చేస్తున్నారు. నిద్రలో నవ్వుతున్నారు కూడా. పెళ్ళయినప్పటి నుంచి నేను చూడలేదు, భయమేసి లేపేను.

తీర్థానికి పంపమని డాక్టరమ్మ ఒప్పుకుంది. క్రమం తప్పకుండా వచ్చినవాళ్ళకి ఇప్పుడు కొన్నాళ్ళకి సరిపడా ఇంటికి కూడా ఇస్తున్నారు. మాత్రలు డబ్బాలో పెట్టి పంపుతాను, పిల్లలకి అందకుండా ఉంచండి. ఇక్కడిలాగే అక్కడా పొడి చేసి వేసుకోవచ్చు. మిగతాది ఆయనకి తెలుసు, మీరేం శ్రమ పడకండి. నాకు కొట్టులో సెలవు దొరకదు, రైలెక్కించి పంపుతాను.

సూర్యనారాయణ గారు నవ్వుతూ ఇచ్చేవి మాత్రం ఆయన దగ్గరకి రానివ్వకండి. ఇది వేళాకోళం కాదండి.

కుసుమ

*

మామిడికుదురు,
6 ఫిబ్రవరి 2004

కుసుమకి,

నీ మొగుడు దిగేడు. ఒళ్ళు చేసేడు, రంగు తేలేడు. నువ్వు అన్నం పెడుతున్నావని ఊళ్ళో అందరికీ చెప్పేను, నమ్మినవాళ్ళు నమ్మేరు.

శ్రమ పడకండి అని రాసేవు. అక్క అయి పుట్టేక తమ్ముడి మందుకి శ్రమ పడకపోతే ఎలాగమ్మా. ఆ పొడి చూస్తే నాకే జాలేసింది. సుద్దముక్క కొట్టినట్టుంది, నాకి చూస్తే చేదు. అటక మీంచి మా నాయనమ్మ కల్వం దింపించేను. మాత్ర మెత్తగా నూరి, తేనె వేసి రంగరించి, వేలితో నాలిక మీద రాసి, పైన గ్లాసుడు వేడి పాలు పట్టించేను. మందంటే అలా వెయ్యాలి. మీ సెంటరు వాళ్ళకి తేనె కొనే స్తోమత లేక పొడి పొడిగా వేస్తున్నట్టున్నారు.

మనవాడు ఏదో "అక్కా, అది నాలిక కింద" అని నసిగేడు. తేనె నాలిక కిందకీ వెళ్తుందిరా, ముందు పాలు తాగు అన్నాను. ఎదురుగా పెదనాన్న కూర్చున్నారు, మద్రాసులో మూతి బిగించినవాడు ఇక్కడేం చేస్తాడో చూద్దామని. ఆయ్ అని గటగటా తాగేసేడు. పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ వేళకి కర్ర పట్టుకుని వచ్చి కూర్చునేవారు, రోజూ ఆయ్ వినడానికి.

కానీ నీ మందు గొప్పతనం తొందరగానే బయటపడింది. ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్ళు నొప్పులు. మద్రాసు నీళ్ళకి అలవాటు పడ్డవాడికి గోదావరి నీళ్ళు పడలేదేమో అనుకున్నాను. అంతర్వేదిలో తలనీలాలు ఇస్తుంటే మంగలి కత్తి కింద తల నిలవలేదు, అంత వణుకు. సఖినేటిపల్లి దాటేదాకా బస్సులో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సూర్యనారాయణ గారు చూడ్డానికి వచ్చేరు. నువ్వు రాసేవని ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టేను. ఆయన అక్కణ్ణించే లోపలికి కేకేసేరు, "శివా, ఒక్కటి చెయ్యనా, హాయిగా ఉంటుంది" అని. మనవాడి సంగతి తెలుసుగా. ఆయ్ అన్నాడు. చేసిన కాసేపటికే వణుకు పోయి లేచి అన్నం తిన్నాడు. ఇప్పుడు చెప్పు, ఏ మందు మంచిదో.

మొక్కు తీరింది. మిగిలిన మాత్రలు కాలవలో పారేసేను. వాడి తిరుగు ప్రయాణం సంగతి తీరిగ్గా చూద్దాం. తీర్థం జీళ్ళు పంపుతున్నాను, తిని నోరు తీపి చేసుకో.

వదిన

*

వ్యాసర్‌పాడి,
10 ఫిబ్రవరి 2004

సూర్యకుమారి గారికి,

వదినగారూ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ మందు కడుపులోకి పోతే మట్టితో సమానం. నాలిక కిందే కరిగి నెత్తురులోకి వెళ్ళాలి. మీరు దాన్ని పాలతో కడిగి కడుపులోకి పంపేరు. అంటే మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయనకి మందు లేనట్టే. ఆ వణుకు గోదావరి నీళ్ళ వల్ల కాదు. ఆయనకి తెలుసు. తెలిసి కూడా మీ చేతిలో గ్లాసు, ఎదురుగా మావయ్యగారు, కాదనలేక తాగేరు. మీ ఇంట్లో ఆయనకి కాదనడం ఎవరైనా నేర్పేరా? ఆయ్ అంటే కళ్ళు తుడుచుకోవడం మాత్రం మీవాళ్ళకి వచ్చు.

ఇప్పుడు ఇంకో భయం ఉంది. ఇన్నాళ్ళు సూది లేని ఒంటికి పాత లెక్కలో సూది పడితే ఊపిరి ఆగిపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. మీ పక్కింటికి ఫోను చేసేను, ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం రైలెక్కుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే ఆయన్ని ఒక్కణ్ణీ వదలకండి. నా తరవాత చేరితే చింపెయ్యండి.

కుసుమ

*

మామిడికుదురు,
20 మే 2004

కుసుమకి,

నీ ఉత్తరం నీ తరవాతే చేరింది. చింపలేదు.

నువ్వు దిగేసరికి వాడు అమలాపురం ఆసుపత్రిలో ఉన్నాడు. కొబ్బరికాయల రాశి వెనకాల నీలంగా పడి ఉంటే మీ అన్నయ్యగారే ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తేరు. బీపీ మనిషి. వాడికి ఊపిరి తిరిగొచ్చి, వాణ్ణి రైలెక్కించేదాకా నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ నోట్లోనూ మందుందేమో అనుకుని నేనూ పలకరించలేదు.

ఆవకాయ జాడీ పంపుతున్నాను. ఇంకో రకంగా అనుకోకు, ఏటా పంపేదే.

ఏసుపాదం పోయేడు. మళ్ళీ సూది పట్టేడని మళ్ళీ పాకలో పెట్టి తాళం వేసేరు. ఈసారి అసలు అరవలేదట. తలుపు తీసేసరికి సూది చేతిలోనే ఉంది. అది లోపలికి ఎలా వెళ్ళిందో ఎవరికీ తెలియదు. సూర్యనారాయణ గారు శవం వెనకాల మొదటి వరసలో నడిచేరు, వాళ్ళ అన్నదమ్ములకంటే ఎక్కువ ఏడ్చేరు. రోజూ వచ్చే మనిషి పోతే ఎవరికైనా బాధగానే ఉంటుంది.

వాళ్ళావిడ నా దగ్గరకొచ్చింది. "మీ తమ్ముడు గారు వేసుకునే మందు ఇక్కడుంటే మావోడు బతికేవోడేమో కదండి" అంది. నేను ఆయ్ అన్నాను.

కుసుమా, నాకొకటి అర్థం కావడం లేదు. మన పొలాల కింద గ్యాసు గొట్టాల్లో ఎక్కడెక్కడికో పోతోంది. మద్రాసు నుంచి లుంగీలు వస్తున్నాయి, షాంపూ పొట్లాలు వస్తున్నాయి. చిటికెడు పొడి మాత్రం రావడం లేదు. సూర్యనారాయణ గారి పెట్టెలో మత్తెక్కించే మందుకి చీటీ అక్కర్లేదు. ఆ మత్తు మాన్పించే మాత్రకి మాత్రం పై నుంచి అనుమతి రావాలట, మెడికల్ షాపతను చెప్పేడు. ఈ రూలు పెట్టిన మహానుభావుడెవరో తెలిస్తే ఆయనకీ ఒక జాడీ పంపుదును.

ఇక్కడ అలాంటి సెంటరు రావాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలో మీ డాక్టరమ్మని అడిగి రాయి. కాళ్ళే అక్కర్లేదు, పీకైనా పట్టుకుంటాను.

సూర్యకుమారి

*

వ్యాసర్‌పాడి,
9 జూలై 2004

వదినగారికి,

ఆవకాయ అందిందండి. ఉప్పు ఎక్కువైంది. అక్క ఏడుస్తూ కలిపి ఉంటుందని ఆయన అన్నారు. మా వదిన ఏడవడమేమిటి, ఏడిపిస్తుంది గానీ అన్నాను. ఇద్దరం అన్నంలో కలుపుకుని తిన్నాం.

ఇక్కడికొచ్చేసరికి సెంటరులో పేరు కొట్టేసేరు. చచ్చి బతికినా చెప్పి చావాలట, రూలు. శ్రీలక్ష్మి గారు ఆఫీసులో దెబ్బలాడి మళ్ళీ చేర్పించేరు. మొదటి నుంచి మొదలు. ఇప్పుడు కుదుటపడ్డారు, తూకం దగ్గర పని మళ్ళీ ఇచ్చేరు.

మీరడిగింది కనుక్కున్నాను. రాజోలు దగ్గర మిషన్ ఆసుపత్రిలో కృపానందం గారని డాక్టరు ఉన్నారట, ఈవిడతో చదువుకున్నారు. ఆయన మంచివారే గానీ ఒక్కరే అడిగితే ఎవరూ వినరు. ఆసుపత్రికి అనుమతి రావాలి, నర్సుకి శిక్షణ ఇవ్వాలి, మందుకి తాళం వేసిన బీరువా ఉండాలి. తాళాలు వెయ్యడం మనవైపు వాళ్ళకి బాగా వచ్చు కదండి, అదొక్కటే సులువు.

ఒక్క మాట. సెంటరు పెడితే చాలదు, పదింటికి తీసే సెంటరు మనకెందుకు. ఇక్కడ నేను పడ్డ తగువులన్నీ అక్కడ మీరు మొదటి రోజే పడండి. తగువు పడడం మీకు నేను నేర్పక్కర్లేదు.

ఊరికి వెళ్దామా అంటే ఆయన ఆయ్ అనే అంటారు. టిక్కెట్టు తియ్యనా అన్నా ఆయ్ అంటారు. కానీ చేతులు వణుకుతాయి, నాకు కనిపిస్తుంది. అక్కడ మందు దొరికేదాకా నేను తీసుకురానండి. మీరు తిట్టుకున్నా సరే.

మీ మరదలు

*

మామిడికుదురు,
2 ఆగస్టు 2006

మరదలికి,

నీ పుణ్యమా అని ఆఫీసులన్నీ చూసేను. అమలాపురం వాళ్ళు కాకినాడ వెళ్ళమన్నారు, కాకినాడ వాళ్ళు అమలాపురం నుంచి కాగితం తెమ్మన్నారు. బస్సు కండక్టర్లు నన్ను చూసి చుట్టరికం కలుపుతున్నారు.

కిందటి వారం ఒక పెద్ద ఆఫీసరు కుర్చీలో కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడేరు. "మీ వైపు ఇలాంటివాళ్ళు లేరమ్మా, మా లెక్కల్లో ఒక్కడూ లేడు" అన్నారు. లెక్కలోకి ఎలా ఎక్కుతారండీ అన్నాను. సెంటరుకి వస్తే ఎక్కుతారన్నారు. సెంటరు ఎప్పుడొస్తుందండీ అన్నాను. లెక్కలో ఉంటే వస్తుందన్నారు. చదువుకున్నవాళ్ళ దగ్గర ఎంత నేర్చుకోవచ్చో.

పెదనాన్న నాతోపాటు వచ్చేరు. ఆయన లేచి, కర్ర బల్ల మీద పెట్టి, "మా శివ లెక్కలో లేకపోతే, చచ్చిపోయిన మా ఏసుపాదాన్ని వేసుకోండి బాబూ, వాడు ఇంక ఎక్కడికీ పోడు" అన్నారు. ఆఫీసరు తలొంచుకున్నారు. వెనకాల ఏసుపాదం పెళ్ళాం, ఇంకా అలాంటి ఇళ్ళ ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. ఇన్నాళ్ళు ఎవరికి వాళ్ళం మా ఇంట్లో ఒక్కడే అనుకుని తలుపులు వేసుకున్నాం. తలుపులు తీస్తే వీధికొకడు ఉన్నాడు.

సెంటరు వస్తే ఊరికి మత్తు అలవాటవుతుందని సూర్యనారాయణ గారు ఇల్లిల్లూ తిరిగి బాధపడుతున్నారు. ఊరి మీద ఆయనకున్న ప్రేమ ఇప్పుడే తెలిసింది.

నువ్వు మాత్రం దిగులు పడకు. వాడిచేత నోరు మూయించి కూర్చోబెట్టు. ఇక్కడ నోరు తెరవడానికి నేనున్నాను.

వదిన

*

మామిడికుదురు,
15 నవంబరు 2008

మా ఇంటి మహాలక్ష్మికి,

ఇప్పుడు నిజంగానే అంటున్నాను. సెల్ ఫోను ఉండి కూడా ఉత్తరమెందుకు వదినా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడతావు.

సెంటరు తెరిచేరని నీకు తెలుసు, శ్రీలక్ష్మి గారి చీటీతో నీ మొగుణ్ణి ముందు పంపించిందీ నువ్వే. నీకు తెలియనిది చెప్తాను. తెరిచిన రోజు బోర్డు మీద వేళలు చూసేను. పది నుంచి పన్నెండు. అందరికీ ఒకే చిన్న మాత్ర. ఈ వేళలు పెట్టినవాళ్ళు అన్నిచోట్లా ఒకే తల్లి కడుపున పుట్టేరేమో. కృపానందం గారి ముందు కూర్చుని నీ ఇడ్లీ కొట్టు కథ మొత్తం నాదిగా చెప్పేను. దింపుకెళ్ళేవాడు తెల్లవారేసరికి చెట్టు కింద ఉంటాడండీ, పదింటికి మీ గుమ్మంలో ఉండాలంటే వాడు చెట్టైనా మానాలి, మందైనా మానాలి అన్నాను. ఆయన ఆయ్ అన్నారు. చీకటుండగానే తీస్తున్నారు. మోతాదు కూడా మనిషిని చూసి ఇస్తున్నారు. ఏసుపాదం తమ్ముడు, పాకకి తాళం వేసినవాడే, ఇప్పుడు పక్క ఊరి కుర్రవాడొకణ్ణి సైకిల్ మీద ఎక్కించుకుని తెస్తున్నాడు.

నిన్న మనవాడికి ఇక్కడ మొదటి రోజు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి నర్సు నాలిక కింద పొడి వేసింది. కల్వం, తేనె తేలేదని ముందే చెప్తున్నాను, నవ్వకు. పక్కన నేను కూర్చున్నాను. ఇటుపక్క పెదనాన్న కూర్చున్నారు. వాడు మూతి బిగిస్తే తనూ మూతి బిగించేరు, మర్యాదకి. ఆసుపత్రికొచ్చే జనం ఆగి పలకరించడం మొదలుపెట్టేరు. ఏం శివా, ఎప్పుడొచ్చేవు అంటే నేను ఆయ్, మొన్ననండీ అన్నాను. కుసుమ బాగుందా అంటే ఆయ్ అన్నాను. ఇక ఇక్కడే ఉంటావా అంటే ఆయ్ అన్నాను, నిన్నడక్కుండానే. వాడి తరఫున ఆయ్ అనీ అనీ నా నోరెండిపోయింది.

అంతలో సూర్యనారాయణ గారు వచ్చేరు. ఎవరెవరు వస్తున్నారో చూసుకోవడానికి వచ్చి ఉంటారు. వాడి ముందు నిలబడి, అదే నవ్వు. "ఏం శివా, నన్ను మర్చిపోయేవా? ఈ క్యూలూ అవీ నీకెందుకు. సాయంత్రం ఇంటికి రా, నడుం చూస్తాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు మనవాడు నా చేతి మీద చెయ్యి వేసేడు. ఆ చెయ్యి వణకడం లేదు కుసుమా, నీకు రాయాలనుకున్నది ఇదే. ఆయన అలాగే నిలబడ్డారు, ఎలాగూ ఆయ్ అంటాడని. ఎప్పుడూ అన్నవాడే కదా. నేను అనలేదు, పెదనాన్న అనలేదు. మందు కరిగేదాకా ముగ్గురం కూర్చున్నాం. నర్సు వచ్చి నోరు తెరిపించి నాలిక కింద చూసి సరే అంది. అప్పుడు శివ ఆయన వైపు తిరిగేడు.

"వద్దండి" అన్నాడు.

అంతే. ఇంకో మాట లేదు. వాడు పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, ఆ మాట వాడి నోట వినడం నాకు ఇదే మొదలు. పెదనాన్న కళ్ళు తుడుచుకున్నారు, ఈసారి నేనూ తుడుచుకున్నాను.

ఇడ్లీ కొట్టుకి చెప్పేసి వచ్చెయ్యి. రాజమండ్రి స్టేషన్‌కి వాడే వస్తాడు, పొద్దున్న మందు వేసుకున్నాక. నువ్వు రైలు దిగగానే పలకరిస్తే పలకకపోతే మాత్రం నా మీద పడకు, అది నువ్వు నేర్పిన విద్యే.

అన్నట్టు, సూర్యనారాయణ గారు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేరు. అంత మాట అన్నాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. మనవాడు అండీ అనే అన్నాడు కదమ్మా, ఇంకా ఏం కావాలి.

నీ వదిన
సూర్యకుమారి